కోయిలకుంట్ల ఆకాశమున చరకాంతి నక్షత్రములు

జనవరి మూడవ వారమున అర్ధరాత్రి దాటి అరగంట గడచుసరికి కోయిలకుంట్లలో మిథునరాశి ఇంచుమించు నడినెత్తిమీదికి వచ్చును. పునర్వసు నక్షత్రపు జంటతారలలో దక్షిణపుదియైన పోలక్స్ నుండి ఇంకను దక్షిణముగా, కొంచెము తూర్పునకు ఒరిగి, ఆఱు డిగ్రీల దూరమున, సాధారణ దినములలో 14వ తరగతి కాంతిమాత్రమే కలిగిన ఒక తార ఉన్నది. చీకటి రాత్రి మంచి కంటికి అందు కడపటి తారలు 6వ తరగతివి. ఈ తార వానికంటె 1,500 రెట్లకు మించి మసకయగుటచే, దాని ఉనికిని ముందే యెఱిగి పెద్ద దూరదర్శినితో వెదకువానికి తప్ప తక్కినవారికి ఆ చోటు శూన్యముగనే తోచును. అట్టి తార, ఏ సూచనయు లేక, ఒకటి రెండు రోజులలో 9వ తరగతికి చేరి, నూఱు రెట్లు ప్రకాశించి, ఒకటి రెండు వారములు ఆ వెలుగును నిలుపుకొని, మరల పూర్వపు మసకలోనికి జాఱిపోవును. సగటున నూఱు దినములకొకసారి ఇట్లు జరుగుననుట నిజమే. కాని ఆ సగటును నమ్ముకొని దీనికి పంచాంగము కట్టబూనుట వ్యర్థము. రెండు నెలలకే మరల వెలుగవచ్చును, ఎనిమిది నెలలకైనను వెలుగకపోవచ్చును. దీని పేరు యు జెమినోరమ్. ఈ జాతి తారలను కుబ్జ నవ్యతారలందురు.

ఈ తారను మొదట గుర్తించినవాడు జాన్ రస్సెల్ హైండ్. లండను నగరమున రీజెంట్స్ పార్కులో బిషప్ అను ధనికుడు నెలకొల్పిన వేధశాలలో ఆయన గ్రహశకలములను వెదకుచు, రవిమార్గమునకు చేరువనున్న తారలన్నిటికిని పటములు గీయుచుండెను. పటములో లేని చుక్క ఒకటి 1855 డిసెంబరు 15వ తేదీని ఆయన కంటబడినది. కొన్ని దినములలో అది కనుమఱుగయ్యెను. ఆకాశమున ఒక్కసారి వెలిగి ఆఱిపోవు నవ్యతారలు పూర్వము కొన్ని కనబడియుండుటచే, ఇదియు అట్టిదేయని తలచుటకు అవకాశముండెను. కాని మూడు నెలలు గడచి 1856 మార్చిలో, ఆక్స్‌ఫర్డులోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో పనిచేయుచున్న నార్మన్ రాబర్ట్ పాగ్సన్ అను యువకుడు ఆ చోటనే ఆ తారను మరల చూచెను. ఒక్కసారి వెలిగినదానిని వింతగ చెప్పుకొని విడిచిపెట్టవచ్చును. రెండవసారి వెలిగినదానికి కారణము వెదకవలసియుండును. ఈ శాస్త్రభాగమునకు జన్మదినము హైండ్ చూచిన డిసెంబరు రాత్రి కాదనియు, పాగ్సన్ చూచిన మార్చి రాత్రియే యనియు నా అభిప్రాయము. ఆ తార చూచుచుండగనే మినుకుచున్నదని కూడ పాగ్సన్ వ్రాసికొనెను. ఆ మినుకులో కొంత భూవాతావరణమువలన పుట్టినదైనను, ఈ జాతి తారలలో నిమిషముల వ్యవధిలోనే నిజముగా కాంతి చలించునని తరువాతి శతాబ్దమున విద్యుత్ కాంతిమాపకములు నిరూపించినవి.

అదే 1856వ సంవత్సరమున పాగ్సన్ మఱియొక మేలు కూడ చేసెను. తారల కాంతిని తరగతులుగ విభజించు ఆచారము ప్రాచీన యవనులనాటిది. కాని ఒక తరగతికిని మఱియొకదానికిని నడుమ భేదమెంతయో నిర్ణయము లేకుండెను. ఐదు తరగతుల భేదము సరిగా నూఱు రెట్ల కాంతిభేదమగునట్లు, అనగా ఒక్కొక్క తరగతికి 2.512 రెట్లు చొప్పున, లెక్క కట్టుకొందమని ఆయన ప్రతిపాదింపగా, ఆ కొలతయే నేటికిని ప్రపంచమంతట నడచుచున్నది. యు జెమినోరమ్ 14వ తరగతి నుండి 9వ తరగతికి వచ్చినదనగనే నూఱు రెట్లు వెలిగినదని మనము నోటిలెక్కగ చెప్పగలుగుట ఆ మహానుభావుని చలవయే.

ఈ పాగ్సనే 1861లో ప్రభుత్వ జ్యోతిశ్శాస్త్రవేత్తగ మద్రాసునకు వచ్చి, 1891లో మరణించువఱకు ముప్పదేండ్లు నుంగంబాకపు వేధశాలలోనే గడపెను. అప్పటికి కర్నూలు మండలము మద్రాసు రాజధానిలోనిదే గనుక కోయిలకుంట్ల తాలూకావారికిని అది సొంత ప్రభుత్వపు వేధశాలయే; ఆ వేధశాల తొలినాళ్ల గ్రానైటు స్తంభముపై చెక్కిన శాసనములలో తెలుగు శాసనమును కలదు. మద్రాసు చేరిన కొలది వారములకే, 1861 ఏప్రిలులో, ఆయన కనుగొన్న గ్రహశకలమునకు ఏషియా అని పేరుపెట్టెను. ఈ ఖండమునుండి కనుగొనబడిన మొదటి గ్రహశకలమది. 1863 మే 20వ తేదీని వృశ్చికరాశి ఉత్తరభాగమున, అనూరాధ తారలకు చేరువలో, పూర్వమెన్నడును లేని 9వ తరగతి తారను చూచెను. వారము పది దినములలో అది మాసిపోయెను. దానికి యు స్కార్పియై అను పేరు స్థిరపడినది. ఆ తార కథకు మరల వత్తును.

పాగ్సన్‌కు మొదటి సహాయకుడు చింతామణి రఘునాథాచారి. 1840లో బాల్యముననే వేధశాలలో చేరి, సొంత శ్రద్ధచే గణితమును వేధవిద్యను సాధించిన ఈయన, 1867లో దక్షిణాకాశమునందలి జాలకమండలములో ఒక తార కాంతి మాఱుచున్నదని కనిపెట్టెను. ఆర్ రెటిక్యులి అను ఆ తార దాదాపు 278 దినములకొకసారి పెరిగి తరుగుచుండు దీర్ఘకాలిక చరకాంతి నక్షత్రము. ఆధునిక కాలమున చరకాంతి నక్షత్రమును కనుగొన్న మొదటి భారతీయుడుగ శాస్త్రచరిత్ర ఈయననే చెప్పుచున్నది. ఆ తార మద్రాసున దక్షిణ దిక్కున దిఙ్మండలమునకు 14 డిగ్రీలకు మించి ఎన్నడును లేవదు. సముద్రపు తేమయు, నగరపు పొగయు కలిసిన ఆ దిగువ ఆకాశములో తారల కాంతిని పోల్చి భేదము పట్టుట ఎంతటి ఓర్పునకు పరీక్షయో, ఆ పని చేసినవారికి తెలియును. కోయిలకుంట్లలో అది 12 డిగ్రీలు మాత్రమే లేచును. ఆచారి 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును వనపర్తినుండి పరిశీలించెను, 1872లో రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీ ఫెలోగ ఎన్నికయ్యెను, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను గూర్చి సామాన్యులకొఱకు దేశభాషలలో పుస్తకము ప్రకటించెను, 1880లో కన్నుమూసెను. సహాయకులు చేసిన పనికి యజమానుల పేరే మిగులుచుండిన ఆ కాలమున, ఈ ఆవిష్కరణ ఆచారి పేరనే లోకమునకు చేరుట ఇరువురికిని గౌరవావహము.

ఇక యు స్కార్పియై. అది 1906, 1936, 1979, 1987, 1999, 2010, 2022 సంవత్సరములలో మరల మరల వెలిగినది. నడుమ 1917, 1945, 1969 సంవత్సరములలో కూడ వెలిగెనని పాత ఛాయాచిత్రములను, పాత పరిశీలనలను వెదకినపిదప తేలినది. అది వెలిగి మూడు దినములు తిరుగకమునుపే మూడు తరగతులు క్షీణించును; ఆ మూడు దినములు మబ్బుపట్టినచో, లేక ఏటేట నవంబరు, డిసెంబరులలో సూర్యుడు ఆ ప్రాంతమునకు వచ్చి తారను కప్పివేసిన దినములలో అది వెలిగినచో, ఆ ఉద్దీపనము మానవజాతి లెక్కకు రాకయే పోవును. విచిత్రమేమనగా, ఆకాశమునంతను ఛాయాచిత్రములలో బంధించి తారల పట్టిక తయారుచేయుటకు లోకమందలి వేధశాలలు భాగములు పంచుకొన్నప్పుడు, హైదరాబాదు నిజామియా వేధశాలకు వచ్చిన భాగములలో దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వఱకుగల పట్టీ యొకటి. పాగ్సన్ మద్రాసున కనుగొన్న ఈ తార ఆ పట్టీలోనిదే.

అయితే యు స్కార్పియై కుబ్జ నవ్యతార కాదు. అది పునరావృత్త నవ్యతార. రెండును పైకి ఒక్కతీరుగనే వెలిగి ఆఱుచున్నను, లోపల జరుగునది పూర్తిగా భిన్నము. పునరావృత్త నవ్యతారలో శ్వేతకుబ్జము అను చిన్న సాంద్రమైన తార ఉపరితలముపై, ప్రక్కనున్న తారనుండి వచ్చిపడిన హైడ్రొజను పొరలుగ పేరుకొని, ఒత్తిడియు వేడియు హద్దుమీఱినపుడు పరమాణు కేంద్రక సంయోగముచే ప్రేలిపోవును. ఆ పొర అంతయు సెకనుకు వేల కిలోమీటర్ల వేగముతో ఎగజిమ్మబడును. కుబ్జ నవ్యతారలో ప్రేలుడు లేదు. అచ్చట తారలు రెండును చెక్కుచెదరవు. వెలుగునది వాని నడుమనున్న వాయుచక్రము.

ఆ చక్రమును గూర్చి కొంత విపులముగ చెప్పవలెను. ప్రతి కుబ్జ నవ్యతారయు నిజమునకు జంటతార యని 1962 నాటికి అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్రాఫ్ట్ వర్ణపట పరిశీలనలచే స్థాపించెను. ఆ జంటలో ఒకటి శ్వేతకుబ్జము: సూర్యునితో పోల్చదగిన ద్రవ్యము భూమియంత గోళములో ఇమిడియున్నది. రెండవది చల్లని ఎఱ్ఱని చిన్నతార. యు జెమినోరమ్‌లో ఈ రెండును 4 గంటల 15 నిమిషములకు ఒక ప్రదక్షిణము పూర్తిచేయును. వాని కేంద్రముల నడిమి దూరము సూర్యుని వ్యాసముకంటె తక్కువ. ఇంత చేరువయగుటచే శ్వేతకుబ్జపు ఆకర్షణ ఎఱ్ఱతార రూపమును సాగదీసి, దాని పైపొర వాయువును ధారగ లాగుకొనుచుండును. ధార సూటిగ పోయి శ్వేతకుబ్జముపై పడజాలదు. ప్రదక్షిణవేగము దానికి సంక్రమించియుండుటచే అది చుట్టు తిరుగుచు పలుచని చక్రముగ పరచుకొనును. చక్రములోని వాయువు లోపలికి దిగవలెనన్నచో, పొరకు పొరకు నడుమ రాపిడిచే తన భ్రమణమును వెలుపలి పొరలకు అప్పగించుకొనవలెను. ఆ రాపిడి ఎక్కువయైనచో వాయువు త్వరగ దిగును. తక్కువయైనచో చక్రములోనే పేరుకొనును.

సీమలో చెరువు నీటిని వాడుకొను తీరు ఎఱిగినవారికి ఇది సులభముగ బోధపడును. తూము మూసియున్నంతకాలము వాగునీరు వచ్చి చెరువు నిండుచుండును. తూము తీసినప్పుడు, వాగునుండి వచ్చుదానికంటె ఎన్నో రెట్లు నీరు కాలువలోనికి దుమికి, మట్టము తగ్గిపోవును. కుబ్జ నవ్యతార చక్రము నిండుటయు, ఖాళీయగుటయు ఇట్టివే. కాని చెరువు తూమును తీయుటకు నీరుగట్టువాడు కావలెను. చక్రపు తూము తనంత తానే తెఱచుకొనును, మూసికొనును. అది ఎట్లనగా: చక్రము చల్లగనున్నంతకాలము అందలి హైడ్రొజను పరమాణువులు చెదరక నిలిచియుండును, రాపిడి స్వల్పముగనుండును, వాయువు పేరుకొనుచుండును. పేరుకొన్నకొలది వేడి పెరిగి ఆఱేడువేల డిగ్రీల ప్రాంతమునకు చేరునప్పటికి హైడ్రొజను పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడివడనారంభించును. అంతటితో ఆ వాయువు కాంతిని తనగుండ పోనీయక అడ్డగించును, వేడి బయటికి పోవు దారి మూసికొనిపోవును, ఉష్ణోగ్రత ఒక్కుమ్మడిగ పదివేల డిగ్రీలు దాటును, రాపిడి పెచ్చుపెరుగును, నెలలతరబడి పేరుకొన్న వాయువు కొలది దినములలో శ్వేతకుబ్జమువైపు దిగజాఱుచు, ఆ పతనశక్తినంతయు వెలుగుగ విడుచును. అంత చక్రపు కాంతి ముందు జంటతారలు రెండును వెలవెలబోవును. వాయువు పలుచబడగనే చక్రము చల్లబడును, హైడ్రొజను మరల కుదుటపడును, మొదటి స్థితి వచ్చును.

ఉద్దీపనమునకు మూలము చక్రములోని అస్థిరతయేయని జపాను శాస్త్రజ్ఞుడు యోజి ఒసాకి 1974లో ప్రతిపాదించెను. హైడ్రొజను కారణముగ చూపిన వివరణ తరువాతి కొలది సంవత్సరములలో ఏర్పడినది. రాపిడికి మూలమేమను ప్రశ్నకు సమాధానము అయస్కాంతక్షేత్రములలో దొరకినది. భ్రమించు విద్యుద్వాహక ద్రవములో బలహీనమైన అయస్కాంతక్షేత్రమైనను సంక్షోభము పుట్టింపగలదని 1959లో రష్యాదేశపు వెలిఖోవ్, 1960లో మన సుబ్రహ్మణ్య చంద్రశేఖర్ వేర్వేరుగ నిరూపించియుండిరి. నక్షత్రచక్రములకు అది వర్తించునని బాల్బస్, హాలీ అను ఇరువురు 1991లో గ్రహించిరి. శ్వేతకుబ్జముల ద్రవ్యమునకు గరిష్ఠ పరిమితిని నిర్ణయించిన చంద్రశేఖరే, వాని చుట్టు తిరుగు చక్రములు ఏల రాచికొనునో చెప్పుటకును పునాది వేసెనన్న సంగతి తలచినపుడెల్ల నాకు అమితానందము కలుగును.

ఈ సిద్ధాంతమునకు ఒక గండము వచ్చినది. అది గడచిన తీరు ఈ అధ్యాయమంతటికిని ప్రాణము. రాజహంస మండలములోని ఎస్ఎస్ సిగ్ని అను కుబ్జ నవ్యతారను 1896లో హార్వర్డ్ వేధశాలలో ఛాయాచిత్రఫలకములను పరిశీలించు లూయీసా వెల్స్ అను మహిళ కనుగొనెను. అది 12వ తరగతి నుండి 8వ తరగతికి, సగటున 50 దినములకొకసారి వెలుగును. నాటినుండి నేటివఱకు దాని ఉద్దీపనములు ఇంచుమించు ఒక్కటియు తప్పిపోక నమోదైనవి. ఆ నమోదులో అత్యధికభాగము 1911లో ఏర్పడిన అమెరికా చరకాంతి నక్షత్ర పరిశీలకుల సంఘమునకు లోకమందలి ఔత్సాహికులు పంపినది. ఇట్లుండగా 20వ శతాబ్ది చివర హబుల్ దూరదర్శిని ఈ తార దూరమును కొలిచి సుమారు 520 కాంతి సంవత్సరములని తెలిపెను. అంత దూరమున ఉన్నచో అది మనమనుకొన్నదానికి ఇంచుమించు రెట్టింపు కాంతి కలదై యుండవలెను. అంత కాంతికి కావలసిన వాయుధార పడుచున్నచో చక్రము ఎల్లప్పుడును వేడిగనే ఉండవలెను, ఆఱి ఆఱి వెలుగగూడదు. కొలత నిజమైనచో సిద్ధాంతము తప్పు. పదేండ్లకు పైగా ఈ చిక్కు తెగలేదు. ఎస్ఎస్ సిగ్ని ఉద్దీపనమున మాత్రమే రేడియో తరంగములను వెలువరించును. ఆ దినములలో ఖండాంతరములందలి రేడియో దూరదర్శినులను జతపఱచి చూచినచో దూరమును మిక్కిలి సూక్ష్మముగ కొలువవచ్చును. కాని ఉద్దీపనము ఎప్పుడు మొదలగునో ఎవరు చెప్పుదురు? తమ యిండ్ల మిద్దెలపైనుండియు, పెరడులనుండియు రాత్రి వెంట రాత్రి ఆ తారను చూచుచుండిన ఔత్సాహికులు చెప్పిరి. వారు పంపిన వార్తలనాధారము చేసికొని రేడియో శాస్త్రజ్ఞులు తమ యంత్రములను త్రిప్పి, 2013లో ప్రకటించిన దూరము సుమారు 370 కాంతి సంవత్సరములు. తరువాత గయా ఉపగ్రహము అదే దూరమును ధ్రువపఱచినది. సిద్ధాంతము నిలిచినది.

ఇచ్చట ఒక విషయము మనసున నాటుకొనవలెను. ఉద్దీపనము మొదలైన రాత్రిని చెప్పగలిగినది దానికి ముందురాత్రి తార వెలుగలేదని వ్రాసియుంచిన చేయియే. మంగళవారము వెలిగియున్నదని ఒకడు వ్రాసినంతమాత్రమున అది మంగళవారమే వెలిగెనని చెప్పజాలము. సోమవారమున 11వ తరగతివఱకు తారలు కనబడుచుండగ అది కనబడలేదని మఱియొకడు వ్రాసియున్నప్పుడే ఆ మాట చెప్పగలము. కనుక ఈ శాస్త్రమున ఏమియు జరుగని రాత్రికి ఉద్దీపనపు రాత్రితో సమానమైన విలువ ఉన్నది. యు స్కార్పియై విషయమున తప్పిపోయిన ఉద్దీపనములు శాస్త్రజ్ఞులను ఎంతకాలము తికమకపెట్టినవో చూచితిమి గదా! చూచుటకు ఎవరును లేకపోవుట వేఱు, చూచి కనబడలేదని వ్రాయుట వేఱు. మొదటిది అజ్ఞానము, రెండవది జ్ఞానము.

కుబ్జ నవ్యతారలలో ఉపజాతులు పెక్కు కలవు. జడ్ కెమిలోపార్డాలిస్ జాతివి వెలిగి దిగివచ్చుచు నడిదారిలో ఆగి, నెలలతరబడి అక్కడనే నిలిచిపోవును. ఎస్‌యు ఉర్సా మేజోరిస్ జాతివి చిన్న ఉద్దీపనములు కొన్ని గడచినపిదప ఒక పెద్ద ఉద్దీపనము నొందును. అప్పుడు ప్రదక్షిణకాలమునకు స్వల్పముగ మించిన వ్యవధితో కాంతి పొంగి తగ్గుచుండును. డబ్ల్యుజడ్ సజిటే అనునది 82 నిమిషములకొక ప్రదక్షిణము చేయుచు, 1913, 1946, 1978, 2001 సంవత్సరములలో మాత్రమే వెలిగినది. 15వ తరగతి తార ఒక్కసారిగ 8వ తరగతికి వచ్చును. 2001 జూలైలో దానిని మొదట చూచినది ఒక జపాను పరిశీలకుడు.

మన ప్రాంతములందు ఈ విద్యకు పోషణ లేకపోలేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదున నెలకొల్పిన నిజామియా వేధశాల, తరువాత నిజాము ప్రభుత్వమునకును, పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును చెంది, తారాపట్టిక పనితోపాటు తన 15 అంగుళముల దూరదర్శినితో చరకాంతి నక్షత్రములను పరిశీలించినది. అచ్చట పనిచేసిన ఉద్యోగి కుమారుడే వేణు బప్పు. హైదరాబాదున పెరిగి, ఇంకను విద్యార్థిగ నుండగనే 1946లో చరకాంతి నక్షత్రములను గూర్చి వ్యాసములు ప్రకటించి, తరువాత స్వతంత్ర భారతపు జ్యోతిశ్శాస్త్రమునకు నిర్మాతయై, జవ్వాది కొండలలోని కావలూరు వేధశాలను నెలకొల్పెను. 1960లలో ఉస్మానియావారు జపాల్–రంగాపూరు వద్ద 48 అంగుళముల దూరదర్శినిని స్థాపించిరి. కాని నాకు వీనియన్నిటికంటెను ఆదర్శముగ తోచువాడు అవిభక్త వంగదేశమున జెస్సోరు పట్టణపు ఖజానాలో చిన్న ఉద్యోగియైన రాధాగోవింద చంద్ర. పగలు రూపాయలు లెక్కించి, రాత్రులందు తారలను లెక్కించి, ఆయన అమెరికా సంఘమునకు 37 వేలకు మించి పరిశీలనలు పంపెను. ఆ సంఘమువారు ఆయన శ్రద్ధకు మెచ్చి ఆఱంగుళముల దూరదర్శినిని ఓడపై పంపిరి. కాలక్రమమున అది బప్పు చేతికి వచ్చి కావలూరు చేరినది. జెస్సోరు ఖజానా గుమాస్తా చేసినపని కోయిలకుంట్ల ఖజానా గుమాస్తా చేయలేడనుటకు కారణమేదియు లేదు.

కారణము లేకపోవుటయే కాదు, ఆకాశము విషయమున కోయిలకుంట్ల జెస్సోరుకంటె భాగ్యశాలి. పడమట ఎఱ్ఱమలలకును తూర్పున నల్లమలలకును నడుమ, కుందూలోయలో, నల్లరేగడి చేలు దిఙ్మండలమువఱకు చదునుగ పరచుకొన్న ఈ నేలకు వాన అరుదు. ఏ కొఱతను తలచి రైతు నిట్టూర్చునో, ఆ కొఱతయే తారలను చూచువానికి వరమగుట బాధాకరమైన సత్యము. డిసెంబరునుండి మే వఱకు మబ్బులేని రాత్రులు వరుసగ లభించును. భూగోళముపై మన స్థానమును అనుకూలమే: జపానుకును ఐరోపాకును నడుమ కుబ్జ నవ్యతారను కనిపెట్టియుండగల మంచి స్థలములు మన రేఖాంశములందు కలవు. తారల లెక్కలకు వాడు జూలియన్ దినము మధ్యాహ్నము గ్రీనిచ్ వేళకు, అనగా మన సాయంకాలము ఐదున్నరకు, మాఱును. కనుక మన రాత్రి యంతయు ఒక్క దినసంఖ్యలోనే ఇముడును. అనేకదేశములవారికి లేని సౌకర్యమిది.

చిక్కులును కలవు. ఎస్ఎస్ సిగ్ని అర్ధరాత్రి నడిమింటికి వచ్చునది ఆగస్టు నడుమ, అప్పుడు మబ్బులు. దానిని అక్టోబరు మధ్యమున రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతమున ఉత్తర దిక్కున 61 డిగ్రీల ఎత్తున చూడవలెను. ఎండకాలమున నాపరాళ్లు పఱచిన మిద్దెలు పగలెల్ల కాగి, ప్రొద్దుపోవువఱకు వేడిని విడుచుచుండుటచే దూరదర్శినిలో తారలు అదరును. మిద్దె దిగి చేనిగట్టున నిలిచినచో, లేక అర్ధరాత్రి దాటనిచ్చినచో, ఆ బాధ తగ్గును. వీధిదీపములు నేడు ఊరి ఆకాశమును ఏటేట తెల్లబఱచుచున్నవి. కాని ఊరు దాటి మైలు దూరము నడచినచో చీకటి ఇంకను మిగిలియున్నది.

చూచు పద్ధతి 1844లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆర్గెలాండర్ సామాన్యులకు పిలుపునిచ్చి నేర్పినదాని వంటిదే. చరకాంతి తారకు ఇరుప్రక్కల కాంతి మాఱని రెండు తారలను, ఒకటి దానికంటె వెలుగైనదియు ఒకటి మసకయైనదియు, పటమునుండి ఎన్నుకొనవలెను. ఒకటి 8.5, రెండవది 9.1 అయి, మన తార మొదటిదానినుండి మూడవవంతు దూరమున ఉన్నట్లు తోచినచో 8.7 అని వ్రాయవలెను. కన్ను అరగంట చీకటికి అలవాటుపడవలెను. పటము చూచుటకు ఎఱ్ఱని మసకదీపము వాడవలెను. మసకతారను సూటిగ చూడక చూపును కొంచెము ప్రక్కకు నిలిపినచో అది తేటపడును. ఎఱ్ఱతారలను తేఱిపాఱ చూచినకొలది అధికముగ వెలుగుచున్నట్లు భ్రమ కలుగును గనుక వానిని చప్పున చూచి నిర్ణయింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, నిన్నటి అంకెను చూచికొని నేటి అంకె వ్రాయగూడదు. ఎంతటి యోగ్యుడైనను, తార పెరుగుచున్నదని ముందే తలచినచో పెరిగినట్లే చూచును.

మొదలుపెట్టుటకు పరికరమేదియు అక్కఱలేదు. మన రైతులు కార్తెపేరున స్మరించు ఆర్ద్ర స్వయముగ చరకాంతి నక్షత్రము. 2020 ఫిబ్రవరిలో అది మామూలు కాంతిలో మూడవవంతునకు క్షీణించి, తన ప్రక్కనున్న బెలాట్రిక్స్‌తో సమానమగుటను దేశదేశముల ప్రజలు వట్టికంటితో చూచిరి. చలికాలపు రాత్రులందు రోహిణితోను, పునర్వసులోని పోలక్స్‌తోను దానిని పోల్చి వారమునకొకసారి అంకె వ్రాయుడు. చేయి కుదిరినపిదప 50 మిల్లీమీటర్ల బైనాక్యులర్ చేకొని ఎస్ఎస్ సిగ్ని చోటును నేర్చుకొనుడు. ఉద్దీపనమున అది అందులో కనబడును, తక్కిన రాత్రులలో కనబడదు. కనబడని రాత్రి, అప్పుడు చూడగలిగిన కడపటి పోలికతార తరగతిని వ్రాసి, దానికంటె మసక అని ఎదుట వ్రాయుడు. తేదీయు, వేళయు మఱువకుడు. అమెరికా సంఘము ఏ దేశమువారి పరిశీలననైనను స్వీకరించును, తారల పటములను ఉచితముగ ఇచ్చును. కోయిలకుంట్లలోను, బనగానపల్లెలోను, జమ్మలమడుగులోను ఒక్కొక్క ఉన్నత పాఠశాలలో ఒక్కొక్క లెక్కపుస్తకమును తెఱచి, సైన్సు ఉపాధ్యాయులు నలుగురు పిల్లలకు దానిని అప్పగింతురుగాక. ఒక తరము చదువు ముగించి వెళ్లునప్పుడు తరువాతి తరమునకు ఆ పుస్తకమును అందింతురుగాక.